క్రోమ్‌లో సెర్చ్ ఇంజిన్ దానంతటదే మారిపోయింది, తీసేసినా మళ్ళీ వస్తోంది

అక్షరకూర్పు, తెనాలి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. తెనాలిలో నాకొక చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాల అక్షరకూర్పుతో పాటు పిల్లల ఎప్‌సెట్ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ల పని కూడా ఇక్కడే చేసిపెడుతుంటాను. సెంటర్లో మూడు కంప్యూటర్లున్నాయి. వాటిలో నేను రోజంతా వాడే విండోస్ 11 కంప్యూటర్‌కు వచ్చిన ఇబ్బంది గురించే ఈ ప్రశ్న.

పది రోజుల క్రితం ఒక పెద్దాయన పదిహేనేళ్ళ నాటి తన కవితల ఫైలు తెచ్చి, దానిని యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని అడిగారు. అది పాత డీటీపీ ఫాంటులో ఉన్న ఫైలు. నా దగ్గరున్న కన్వర్టర్‌తో మారిస్తే ఒత్తులన్నీ చెదిరిపోతున్నందున, ఇంకొకటి దొరుకుతుందేమోనని వెతికి, ఒక డౌన్‌లోడ్ సైటు నుంచి దించుకొని ఇన్‌స్టాల్ చేశాను. వరుసగా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయానే తప్ప మధ్యలో ఏ పెట్టెలకు టిక్కులున్నాయో చదవలేదు. విండోస్ అనుమతి అడిగినప్పుడు ‘యెస్’ కూడా నొక్కాను.

ఆ సాయంత్రం నుంచి క్రోమ్ అడ్రస్ బార్‌లో ఏ మాట టైపు చేసి ఎంటర్ నొక్కినా, అక్కడ అరక్షణం పాటు నేనెన్నడూ వినని పేరొకటి మెరిసి మాయమై, గూగుల్ కాని వేరే సెర్చ్ పేజీ తెరుచుకుంటోంది. అందులో మొదటి నాలుగైదు ఫలితాలు ప్రకటనలే. నిన్న ఒక విద్యార్థిని దరఖాస్తు కోసం వచ్చినప్పుడు, ప్రభుత్వ వెబ్‌సైటు పేరు టైపు చేస్తే అన్నిటికన్నా పైన దానిని పోలిన ప్రైవేటు సైటు వచ్చింది. అందులో ఆ అమ్మాయి ఆధార్ నంబరు సగం కొట్టేసిన తరువాత గాని నాకు అనుమానం రాలేదు. అప్పటికప్పుడు ట్యాబ్ మూసేశాను గాని, రాత్రంతా మనసు మనసులో లేదు.

సెట్టింగుల్లోకి వెళ్ళి గూగుల్‌ను ఎంచుకుందామంటే ఆ వరుస బూడిద రంగులో ఉండి నొక్కనివ్వడం లేదు. ఎక్స్‌టెన్షన్ల (క్రోమ్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాముల) పేజీలో నేను పెట్టని ఎక్స్‌టెన్షన్ ఒకటి కనిపిస్తోంది, దానికి ‘రిమూవ్’ బటనే లేదు. మెనూ చివర ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని వస్తోంది. నా సెంటర్లో నేను, మా తమ్ముడు తప్ప వేరే ఎవరూ లేరు. ఈ సంస్థ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడం లేదు. క్రోమ్‌ను రెండు సార్లు తీసేసి మళ్ళీ వేశాను, రెండు సార్లూ తిరిగి వచ్చింది. కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ చేయడం తప్ప వేరే దారి లేదా? ఇందులో పదేళ్ళ పని ఉంది. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.


గట్టుమీద:

నమస్కారమండీ. ముందుగా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ వారీగా అమర్చి చూడండి. ఆ కన్వర్టర్ వేసిన రోజున దానితో పాటు వచ్చిన ప్రోగ్రాములన్నీ ఒకచోట కనిపిస్తాయి. వాటిని తీసేసి, క్రోమ్ సెట్టింగుల్లో ‘రీసెట్ సెట్టింగ్స్’ నొక్కండి. నాకు రెండేళ్ళ క్రితం ఇలాగే అయితే దీనితోనే పోయింది. ఫార్మాట్ మాత్రం తొందరపడి చేయకండి.


అక్షరకూర్పు, తెనాలి:

ధన్యవాదాలండీ. తేదీ వారీగా చూస్తే ఆ రోజు కన్వర్టర్ కాక మరో రెండు ప్రోగ్రాములు ఉన్నాయి. మూడింటినీ తీసేసి రీసెట్ చేశాను. గంట సేపు బాగానే ఉన్నట్టనిపించింది గాని, భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఆ ఎక్స్‌టెన్షన్ మళ్ళీ అక్కడే ఉంది. యూట్యూబులో ఒక వీడియో చూసి క్రోమ్‌లోనే ఉండే ‘క్లీన్ అప్ కంప్యూటర్’ కోసం వెతికాను, నాకది ఎక్కడా కనిపించలేదు.


వలయం, హైదరాబాద్:

నమస్కారం. పద్దెనిమిదేళ్ళుగా కార్యాలయాల్లో కంప్యూటర్ల నిర్వహణ నా వృత్తి. మీరు ఇచ్చిన వివరాలు స్పష్టంగా ఉన్నందువల్ల కొంత ధైర్యంగానే చెప్పగలను. మీరు వెతికిన ఆ క్లీనప్ పరికరం మీకు కనిపించకపోవడంలో వింత లేదు. 2023లో క్రోమ్ 111వ వెర్షన్‌తో గూగుల్ దానిని తొలగించింది. ఆ వీడియో అంతకన్నా పాతదై ఉంటుంది.

చికిత్సకు ముందు రెండు విషయాలు చెప్పండి. క్రోమ్‌ను మళ్ళీ వేసినప్పుడు, మీ గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ కాకముందే ఆ ఎక్స్‌టెన్షన్ వచ్చిందా, అయిన తరువాత వచ్చిందా? అదే కంప్యూటర్లోని ఎడ్జ్ బ్రౌజర్‌లో, అదే వైఫై మీద ఉన్న మీ ఫోనులో వెతుకులాట మామూలుగా ఉందా? సైన్ ఇన్ కాకముందే వస్తే వేరు విండోస్‌లో ఉన్నట్టు. తరువాతే వస్తే మీ ఖాతా సింక్‌లో, అంటే ఒకే ఖాతాతో తెరిచిన కంప్యూటర్లన్నిటికీ సెట్టింగులను పంచే ఏర్పాటులో, ఉన్నట్టు. ఫోనులో కూడా ఇదే జరుగుతుంటే రౌటర్‌లోని డీఎన్ఎస్‌ను (వెబ్‌సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చూపే ఏర్పాటు) అనుమానించాలి. డీఎన్ఎస్‌ను మార్చి మనుషులను పక్కదారి పట్టించడం ఊహ కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ ఈ పనే చేస్తుంటే 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది. అప్పటికే దాని బారిన పడిన కంప్యూటర్లకు ఒక్కసారిగా ఇంటర్నెట్ ఆగిపోకుండా 2012 జూలై 9 దాకా తాత్కాలిక సర్వర్లను నడపవలసి వచ్చింది.


అక్షరకూర్పు, తెనాలి:

సైన్ ఇన్ కాకముందే వచ్చిందండీ, అది నాకు బాగా గుర్తుంది. ఎడ్జ్‌లో, ఫోనులో ఏ ఇబ్బందీ లేదు.


వలయం, హైదరాబాద్:

అయితే రౌటర్ జోలికి వెళ్ళనవసరం లేదు. మీ కంప్యూటర్లో జరిగినది ఇది.

పెద్ద కార్యాలయాల్లో వందల కంప్యూటర్లకు ఒకే రకం క్రోమ్ సెట్టింగులు ఉండాలనుకున్నప్పుడు, మా వంటివాళ్ళం విండోస్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులను దాచుకొనే చోట, ‘పాలసీ’లు రాస్తాం. ఉద్యోగి వాటిని మార్చలేడు, పాలసీ ద్వారా పెట్టిన ఎక్స్‌టెన్షన్‌ను తీసివేయలేడు. అందుకే ‘రిమూవ్’ బటన్ ఉండదు, అందుకే ‘మీ సంస్థ’ అన్న మాట వస్తుంది. రిజిస్ట్రీలో ఆ చోట ఎవరు రాశారన్నది క్రోమ్‌కు తెలియదు, రాసి ఉన్నదా లేదా అన్నదే చూస్తుంది. మీరు ఇన్‌స్టాలర్‌కు ‘యెస్’ నొక్కి అడ్మిన్ అనుమతి ఇచ్చారు కాబట్టి, అది వెళ్ళి సంస్థ రాయవలసిన చోట తన ఎక్స్‌టెన్షన్ పేరు రాసుకొచ్చింది. ఆ ఎక్స్‌టెన్షన్ మీ సెర్చ్‌ను తన చేతుల్లోకి తీసుకుంది. అడ్రస్ బార్‌లో అరక్షణం మెరిసే ఆ తెలియని పేరే వాళ్ళ సంపాదన. మీ ప్రతి వెతుకులాట ముందు వాళ్ళ గుమ్మం తొక్కి, తరువాత ప్రకటనల పేజీకి వెళుతుంది, మీరు ప్రకటన నొక్కితే అందులో వాటా వాళ్ళకు అందుతుంది.

మరి మీరు తీసేసినా భోజనం చేసి వచ్చేసరికి ఎలా వచ్చింది? దానిని తిరిగి రాసే పనివాడు వేరే ఉన్నాడు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అని ఒకటుంది, ఫలానా సమయానికి ఫలానా పని చేయమని కంప్యూటర్‌కు పురమాయించడానికి. ఈ రకం ఇన్‌స్టాలర్లు అందులో ఒక పనిని పెట్టి, కొన్ని గంటలకొకసారి ఒక పవర్‌షెల్ స్క్రిప్టును (విండోస్ వరుసగా నడిపే ఆదేశాల ఫైలును) నడిపిస్తాయి. ఆ స్క్రిప్టు పాలసీ ఉందో లేదో చూసి, లేకపోతే మళ్ళీ రాస్తుంది. 2024 ఆగస్టులో రీజన్‌ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ సరిగ్గా ఇటువంటి దాడినే వివరంగా బయటపెట్టింది. క్రోమ్, ఎడ్జ్ వాడేవారు కనీసం 3 లక్షల మంది దాని బారిన పడ్డారని, పేరున్న ఉచిత ప్రోగ్రాముల డౌన్‌లోడ్ పేజీలను పోలిన నకిలీ పేజీల ద్వారా అది వ్యాపించిందని తెలిపింది. కాబట్టి మీరు ఎక్స్‌టెన్షన్‌ను ఎన్నిసార్లు తీసినా ఆకు కోసినట్టే అవుతుంది. వరుస మార్చాలి: ముందు షెడ్యూలర్‌లోని పని, తరువాత స్క్రిప్టు, తరువాత పాలసీ, అన్నిటికన్నా చివర ఎక్స్‌టెన్షన్.

మొదలుపెట్టే ముందు మీ పదేళ్ళ పనిని ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఫైళ్ళు మాత్రమే కాపీ చేయండి, ఆ కన్వర్టర్ ఇన్‌స్టాలర్‌ను మాత్రం వద్దు. తరువాత నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపేయండి.

క్రోమ్ అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని టైపు చేయండి. నెట్ లేకపోయినా ఆ పేజీ తెరుచుకుంటుంది. ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’ అన్న వరుస ఎదురుగా 32 చిన్న అక్షరాల పొడవాటి మాట ఒకటి ఉంటుంది. అది ఎక్స్‌టెన్షన్ గుర్తింపు సంఖ్య. అందులో ఏ నుంచి పీ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి రావు. దానిని కాగితం మీద రాసుకోండి, లేదా ఫోనుతో ఫొటో తీసుకోండి.

ఇప్పుడు టాస్క్ షెడ్యూలర్ తెరిచి, ఎడమవైపున్న లైబ్రరీని నొక్కి, ఒక్కొక్క పనినీ ‘యాక్షన్స్’ ట్యాబులో చదవండి. పేరును నమ్మకండి. ప్రింటర్ అప్‌డేట్ అనో, సిస్టమ్ సర్వీస్ అనో మర్యాదైన పేర్లే పెడతారు. యాక్షన్‌లో పవర్‌షెల్ పేరు, ఆ పక్కన ‘ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్’ అని, ‘విండో స్టైల్ హిడెన్’ అని, చివర పీఎస్1 తోకతో ఒక ఫైలు దారి కనబడితే అదే మనం వెతుకుతున్నది. ఆ ఫైలు పుట్టిన తేదీ, మీ కన్వర్టర్ తేదీ ఒకటే అయితే ఇక సందేహం అక్కరలేదు. ముందు పనిని డిలీట్ చేసి, తరువాత ఆ దారి పట్టుకొని వెళ్ళి స్క్రిప్టును డిలీట్ చేయండి. మైక్రోసాఫ్ట్ అన్న ఫోల్డరు లోపలి పనులు చాలావరకు విండోస్ సొంతవి, అర్థం కానివాటిని అక్కడ కదిలించకండి. అనుమానం ఉంటే ఫొటో ఇక్కడ పెట్టండి.

తరువాత రిజిస్ట్రీ ఎడిటర్. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, అందులో పాలసీస్, అందులో గూగుల్, అందులో క్రోమ్. కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారిలో చూడాలి. ఆ క్రోమ్ ఫోల్డరును ముందు ‘ఎక్స్‌పోర్ట్’ చేసి భద్రపరచుకొని, అప్పుడు డిలీట్ చేయండి. కొన్నిసార్లు సిస్టమ్32 లోని గ్రూప్‌పాలసీ ఫోల్డరులో కూడా రాసిపెడతారు. అటువంటప్పుడు రిజిస్ట్రీలో తీసినా అక్కడి నుంచి తిరిగి వస్తుంది. మీది ఏ కార్యాలయ నెట్‌వర్కుకూ చెందని సొంత కంప్యూటర్ కాబట్టి, ఆ ఫోల్డరు లోపల రిజిస్ట్రీ డాట్ పాల్ అన్న ఫైలుంటే దానిని కూడా తీసివేయవచ్చు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, నెట్ కలపకుండానే మళ్ళీ పాలసీ పేజీ చూడండి. అది ఖాళీగా ఉంటే ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళండి. ఆ ఎక్స్‌టెన్షన్ అప్పటికీ కనిపిస్తుంటే ‘రిమూవ్’ బటన్ ఈసారి ఉంటుంది. రాసిపెట్టుకున్న 32 అక్షరాలతో సరిపోల్చుకొని తీసేయండి. అప్పుడు రీసెట్ సెట్టింగ్స్. గట్టుమీద గారు చెప్పినది సరైనదే, మీ విషయంలో అది చివరికి రావలసిన అంచె, అంతే. డెస్క్‌టాప్ మీద, కింద టాస్క్‌బార్ మీద ఉన్న క్రోమ్ గుర్తుల ప్రాపర్టీస్ తెరిచి ‘టార్గెట్’ గడిలో క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ తరువాత ఏదైనా వెబ్ చిరునామా అంటుకొని ఉందేమో కూడా చూడండి.

చివరగా నెట్ కలిపి, విండోస్ సెక్యూరిటీలోని ‘డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ ఒకసారి, మాల్వేర్‌బైట్స్ వారి ఉచిత యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఒకసారి నడపండి. రెండవదాన్ని ఆ సంస్థ సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. ఈ విషయం ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. ఇలా బ్రౌజర్‌ను చేజిక్కించుకొనే ప్రోగ్రామును హైజాకర్ అంటారు. ఆ హైజాకర్ పేరుతో ‘ఎలా తీయాలి’ అని వెతికితే వచ్చే పేజీల్లో చాలా భాగం ఏదో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మడానికి పెట్టినవే. భయంలో ఉన్న మనిషి ఒకదాన్ని తీయబోయి ఇంకొకటి తెచ్చుకోవడం నా కళ్ళతో చూశాను.


తీరం:

వలయం గారు చెప్పినదానికి ఒక్క హెచ్చరిక చేర్చాలి. ఈ చర్చను చదివి ఎవరైనా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ రిజిస్ట్రీ ఫోల్డరును తీసివేయవద్దు. అక్కడ ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అన్నది నిజమైన మాటే, ఆ పాలసీలు మీ ఆఫీసువారివి. కొన్ని యాంటీవైరస్‌లు, తల్లిదండ్రుల నియంత్రణ ప్రోగ్రాములు కూడా పాలసీలు రాస్తాయి. అందుకే తీసే ముందు పాలసీ పేజీలో ఏమి రాసి ఉందో చదవడం తప్పనిసరి. ఫైర్‌ఫాక్స్ వాడేవారు ఇదే పరీక్షను ‘అబౌట్, కోలన్, పాలసీస్’ అన్న చిరునామాలో చేసుకోవచ్చు.


అక్షరకూర్పు, తెనాలి:

వలయం గారికి నమస్కారాలు. మీరు చెప్పిన వరుస ప్రకారం ఆదివారం సెంటర్ మూసి కూర్చొని చేశాను. షెడ్యూలర్‌లో ప్రింట్ సేవకు సంబంధించినదన్నట్టు పేరు పెట్టుకొన్న పని ఒకటి దొరికింది. నాకు రెండు ప్రింటర్లున్నాయి కాబట్టి, మీరు పేరును నమ్మవద్దని చెప్పి ఉండకపోతే దానిని దాటి వెళ్ళిపోయేవాడిని. యాక్షన్‌లో మీరు రాసిన మాటలే ఉన్నాయి. స్క్రిప్టు ఫైలు పుట్టిన సమయం సాయంత్రం 4 గంటల 12 నిమిషాలు. కన్వర్టర్ ఇన్‌స్టాల్ అయినది 4 గంటల 11 నిమిషాలకు. ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. గ్రూప్‌పాలసీ ఫోల్డరులో ఏమీ లేదు. పాలసీ పేజీ ఖాళీ అయింది, ఎక్స్‌టెన్షన్ పోయింది, గూగుల్ తిరిగి వచ్చింది.

అయితే సోమవారం ఉదయం ఖాతాతో సైన్ ఇన్ అయిన పది నిమిషాలకు హోమ్ పేజీగా ఆ తెలియని చిరునామా మళ్ళీ ప్రత్యక్షమైంది. ఎక్స్‌టెన్షన్ లేదు, పాలసీ పేజీ ఖాళీగానే ఉంది. ఇదెక్కడిది?


వలయం, హైదరాబాద్:

కంగారు పడకండి, ఇది మిగిలిపోయిన నీడ మాత్రమే. మీ మిగతా రెండు కంప్యూటర్లలో కూడా ఇదే గూగుల్ ఖాతాతో క్రోమ్ తెరిచి ఉందా? హైజాకర్ ఉన్న పది రోజుల్లో మార్చిన సెట్టింగులు సింక్ ద్వారా మీ ఖాతాలోకి ఎక్కి, అక్కడి నుంచి తిరిగి దిగుతున్నాయి. మూడు కంప్యూటర్లలోనూ సింక్ ఆపేయండి. ప్రతిదానిలో హోమ్ పేజీ, స్టార్టప్ పేజీ, సెర్చ్ ఇంజిన్ల జాబితా సరిచేయండి. తరువాత సెట్టింగుల్లోని సింక్ విభాగం నుంచి, ఖాతాలో దాచిన క్రోమ్ డేటాను చూపే పేజీ తెరిచి, అడుగున ఉన్న ‘డిలీట్ డేటా’ నొక్కండి. దానితో గూగుల్ సర్వర్లలోని ప్రతి మాత్రమే పోతుంది, మీ కంప్యూటర్లోని బుక్‌మార్కులు ఉంటాయి. అయినా ముందుగా బుక్‌మార్కులను ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆ తరువాతే శుభ్రంగా ఉన్న కంప్యూటర్ నుంచి సింక్ మొదలుపెట్టండి.

ఇంకొక మాట, ఇది మొహమాటం లేకుండా చెప్పవలసినది. ఆ ఎక్స్‌టెన్షన్‌కు ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడం, మార్చడం’ అన్న అనుమతి ఉండి ఉంటే, పది రోజుల్లో మీరు ఆ క్రోమ్‌లో టైపు చేసిన ప్రతిదీ దాని కంట పడగలిగేదే. చదివిందని అనడం లేదు, చదవగలిగే స్థితిలో ఉంది. కాబట్టి మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులను ఫోను నుంచి మార్చండి, గూగుల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఆ పది రోజుల్లో మీ దగ్గర లాగిన్ అయిన కస్టమర్లలో గుర్తున్నవారికి ఫోన్ చేసి పాస్‌వర్డు మార్చుకోమని చెప్పండి. ముఖ్యంగా ఆ విద్యార్థిని ఇంట్లోవాళ్ళకు, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకొనే వీలుందని చెప్పండి. ఎవరి డబ్బైనా పోయినట్టు తేలితే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.


అక్షరకూర్పు, తెనాలి:

మూడింటిలోనూ సింక్ ఆపి, మీరు చెప్పినట్టే డేటా తీసేసి, ముందు నా కంప్యూటర్ నుంచి, మరునాడు మిగతా రెండింటి నుంచి మొదలుపెట్టాను. నేటికి ఐదు రోజులు, ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. రెండు స్కాన్లూ పూర్తి చేశాను. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ రాలేదు, యాడ్‌డబ్ల్యూక్లీనర్ మాత్రం మిగిలిపోయిన రెండు ఫోల్డర్లను పట్టుకొని తీసివేసింది.

కస్టమర్లకు ఫోన్ చేయడానికి మొదట మనసొప్పలేదు, నా సెంటర్ మీద నమ్మకం పోతుందేమోనని. చివరికి రసీదు పుస్తకం ముందు పెట్టుకొని పంతొమ్మిది మందికి చేశాను. ఒక్కరు కూడా కోపపడలేదు. ఒక పింఛనుదారు గారికి పాస్‌వర్డు ఎలా మార్చాలో తెలియదంటే, ఆయన ఇంటికి వెళ్ళి ఆయన ఫోనులోనే మార్పించి వచ్చాను.


గట్టుమీద:

చాలా సంతోషమండీ. మీ వంటి సెంటర్లకు ఇంకొక సూచన. కస్టమర్ పని ఏదైనా క్రోమ్ ‘గెస్ట్’ విండోలో చేయించండి. అందులో మీ ఎక్స్‌టెన్షన్లేవీ పనిచేయవు, విండో మూయగానే వారి లాగిన్‌లు, చరిత్ర చెరిగిపోతాయి. ప్రభుత్వ దరఖాస్తుల చిరునామాలను వెతకకుండా నేరుగా తెరిచేలా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ముద్రించి, మానిటర్ పక్కన అంటించండి.


వలయం, హైదరాబాద్:

మంచి సూచన. దానికి తోడు, రోజువారీ పనికి విండోస్‌లో అడ్మిన్ హక్కులు లేని ‘స్టాండర్డ్’ ఖాతా ఒకటి పెట్టుకోండి. అప్పుడు ఏ ఇన్‌స్టాలరైనా పాలసీల చోట రాయాలంటే ‘యెస్’ ఒక్కటీ సరిపోదు, అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు టైపు చేయడానికి పట్టే సమయంలో మనిషి ఒకసారి ఆగి చదువుతాడు.

ఇక ఆ కవితల ఫైలు సంగతి. మీ పాత కన్వర్టర్‌లో ఒత్తులు చెదురుతున్నాయంటే, ఫైలును కూర్చిన ఫాంటు ఒక వెర్షన్, కన్వర్టర్ ఎదురుచూస్తున్నది ఇంకొక వెర్షన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. కొత్త ప్రోగ్రాము కోసం వెళ్ళకుండా, ముందు ఆ ఫాంటు పేరు, వెర్షన్ ఇక్కడ రాయండి.


అక్షరకూర్పు, తెనాలి:

స్టాండర్డ్ ఖాతా ఈ ఉదయమే పెట్టాను, తమ్ముడికి కూడా అదే. చిరునామాల కాగితం ముద్రించి మూడు మానిటర్ల పక్కనా అంటించాను. ఫాంటు వివరాలు పెద్దాయనను అడిగి రేపు కొత్త చర్చగా పెడతాను. ఈలోగా మొదటి ఇరవై కవితలను నేనే చేత్తో మళ్ళీ టైపు చేస్తున్నాను.